పత్తికట్టె కింద సత్తమ్మ

నా భార్య సత్తమ్మ చనిపోయిన ఏడే మా కొడుకు ఐలేశ్‌కు బొట్టు మీద ప్రేమ పుట్టింది.

అంతకుముందు వాడికి ఏ దేవుడి మీదా ప్రేమ లేదు, కోపమూ లేదు. దసరాకు మేకకూర తినేవాడు, క్రిస్మస్‌కు కేకు తినేవాడు, పీరీల పండుగకు మలీద తినేవాడు. వాడి భక్తి అంతా కడుపులోనే ఉండేది. అలాంటివాడు, మా ఊరి సర్పంచ్ సీటు ఈసారి ఎస్సీకి రిజర్వు అయిందని తెలిసిన మర్నాడు పొద్దున్నే నొసటి నిండా కుంకుమ పెట్టుకొని బయటికి వచ్చాడు. అరుగు మీద కూర్చొని చాయ్ తాగుతున్న నాకు పొలమారింది.

"ఏందిరా గది? ఏడన్న తాకిచ్చుకున్నవా?" అన్నాను.

"బొట్టు, బాపు."

"బొట్టని నాకు గూడ ఎర్కే. ఎందుకని అడుగుతున్న."

"ఇగ రోజూ పెట్టుకుంట. నువ్వు గూడ పెట్టుకో. మంజులకు గూడ చెప్పిన" అన్నాడు. తలుపు వెనక నిలబడ్డ మా కోడలు మంజుల నొసటి మీద అప్పటికే గుండ్రంగా ఒకటి పెట్టి ఉంది. సత్తమ్మ ఉన్నప్పుడు అత్త చెయ్యి పట్టుకొని ప్రతి ఆదివారం చర్చికి పోయిన పిల్ల అది. నా మొహం చూడలేక లోపలికి పోయింది.

తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. మా వాడలో సగం ఇళ్లు చర్చికి పోతాయి. చర్చిలో చేరినవాడు ఎస్సీ కాదంటుంది చట్టం. అందుకని మా వాడకు రెండు మతాలు, ఆదివారం ఒకటి, కాగితం మీద ఒకటి. అందరికీ తెలిసిన రహస్యమే కాబట్టి అందరూ కలిసి కాపాడుకుంటూ వస్తున్నారు. ఎలక్షన్ వస్తే మాత్రం ఒకడి రహస్యం ఇంకొకడి చేతిలో కర్ర అవుతుంది. ఐలేశ్ మీద పోటీకి నిలబడ్డ హన్మంత్ ఆ కర్రే పట్టుకున్నాడు. 'సత్తమ్మ కొడుకు క్రిస్టియనోడు, వానికి ఎస్సీ సీటేంది' అని హోటల్ దగ్గర కూర్చొని అంటున్నాడట. ఆ హన్మంత్ పెళ్లాం కళావతి ఎవరనుకున్నారు? చర్చిలో పాట ఎత్తుకునేదే ఆమె. సిగ్గుండాలి మనిషికి. సిగ్గుంటే ఎలక్షన్లో ఎందుకు నిలబడతాడు అనుకోండి, అది వేరే సంగతి.

ఇక నా మతం అంటారా? నాకేదీ లేదు. జనగామ డిపోలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. అన్నేళ్లు బస్సు నిండా మనుషుల్ని చూసినవాడికి వీళ్లందర్నీ దేవుడు కావాలనే చేశాడంటే నమ్మబుద్ధి కాదు. నమ్మింది సత్తమ్మ. ఐలేశ్ పుట్టిన మరుసటేడు నన్ను కన్న అవ్వకు జబ్బు చేసి మహబూబాబాద్ దవాఖానలో పడేస్తే, ఒక నర్సమ్మ మంచం పక్కన కూర్చొని ప్రార్థన చేసింది. మా అవ్వ బతకలేదు. అయినా సత్తమ్మ నర్సమ్మ దేవుణ్ణే పట్టుకుంది.

"బతికియ్యని దేవుణ్ణి ఎట్ల నమ్మినవే?" అని ఎన్నోసార్లు ఎగతాళి చేశాను.

"మీ అవ్వ పాణం పోయేదాక ఆ నర్సమ్మ చెయ్యి ఇడ్వలే. మనం ఇద్దరం బయట చాయ్ తాగబోయినం. గందుకే నమ్మిన" అనేది. 

ఆమె ప్రార్థన మా వీధికంతా వినిపించేది. అందులో సగం నా మీద ఫిర్యాదులే. 'ప్రభువా, ఈ మనిషికి అంత నోరిచ్చినవు, దానికి మూత ఎందుకియ్యలే?' అని కళ్లు మూసుకొని అడుగుతుంటే, నేను మంచం మీది నుంచి 'నా ముచ్చట నాతోని చెప్పు, నడిమిట్ల ఆయనెందుకు?' అని అరిచేవాణ్ణి. 'నీతోని చెప్తే ఇంటవా? ఆయన ఇంటడు' అని మళ్లీ మొదలుపెట్టేది. ఇప్పుడు ఆ మంచం మీద పడుకుంటే ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంటుంది. నన్ను తిట్టేవాళ్లు లేరు. అది ఎంత కష్టమో తిట్లు తినకుండా బతికినవాడికి అర్థం కాదు.

ఆమెకు ఎదురుపడిన ప్రతి మనిషికీ 'వందనాలు' చెప్పడం అలవాటు. పాలవాడికి వందనాలు, కరెంటు బిల్లు కొట్టేవాడికి వందనాలు. రామాలయం అయ్యగారు కొత్తలో మొహం తిప్పుకునేవాడు, తర్వాత తర్వాత తనే ముందు అనేవాడు. దవాఖానలో చుట్టాలు లేని రోగుల కోసం గంజి కాచి, మరిపెడ పోయి అక్కడి నుంచి మహబూబాబాద్ బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకొని పోయేది. వాళ్లు ఎవరు, ఏ కులం, ఏ దేవుడు అని అడిగింది లేదు. ఆ ఏడు వానాకాలంలో తనే అదే దవాఖానలో పోయింది. పోయేముందు అడిగిన కోరిక ఒకటే. "నన్ను మన చెలక గట్టున పెట్టుండ్రి. పత్తి ఏరేటోళ్లు వచ్చుకుంట పోవుకుంట పలకరిస్తరు. ఒక రాయి పెట్టి శిలువ చెక్కియ్యి. నా పేరు తప్పు లేకుంట రాపియ్యి" అంది. రాపించాను. 'ప్రభువునందు నిద్రించిన సత్తమ్మ' అని.

ఇప్పుడు ఆ రాయి మీద పడ్డాడు మావాడు.

"బాపు, రాయి జర తీసి పక్కకు పెడ్తం. పోలింగ్ అయినంక మల్ల పెడ్తం" అన్నాడు అన్నం తింటూ. "ఈసారి మంచి గ్రానైట్‌ది పెడ్తం."

"మీ అవ్వను గూడ తీసి పెడ్తవా? పోలింగయినంక మల్ల పండబెడ్తవా?"

"గట్ల మాట్లాడకు బాపు. పరేషాన్‌ల ఉన్న. నామినేషన్ కొట్టేస్తరు."

"కొట్టేయనియ్యి. సర్పంచ్ కాకుంటె చస్తవా? మీ అవ్వ చచ్చింది, ఏ సీటు లేకుంటనే" అన్నాను. కంచం తోసేసి లేచిపోయాడు.  నేను ఉన్నన్ని రోజులు ఆ రాయి అక్కడి నుంచి కదలదని మంజులతో చెప్పాను. ఆమె తల ఊపింది.

నా దగ్గర పని జరగదని తెలిసి ఐలేశ్ పాస్టరయ్యను వెంటబెట్టుకొచ్చాడు. మా పాస్టరయ్యది పక్క మండలమే. వాళ్ల నాయిన మా నాయినతో కలిసి కూలికి పోయినవాడు. కానీ నోరు తెరిస్తే మాత్రం గుంటూరులో పుట్టినట్టు మాట్లాడతాడు. దేవుడికి తెలంగాణ భాష రాదని ఆయన నమ్మకం కాబోలు.

"కనకయ్య గారూ, రాయిలో ఏమున్నదండీ? విశ్వాసము గుండెలో ఉంటే చాలును" అన్నాడు కుర్చీలో సర్దుకుంటూ.

"అయ్యా, ఆమె పోయిననాడు రాయి పెట్టియ్యాలె, ఊరికి సాక్ష్యంగ ఉంటదని నా అంగీ పట్టుకొని చెప్పింది నువ్వే గదా?"

"అప్పటి సందర్భము వేరండీ."

"ఇప్పటి సందర్భం ఏంది? చర్చికి ప్రహరీగోడ కట్టిస్తనన్నడా మావోడు?"

పాస్టరయ్య దగ్గాడు. ఐలేశ్ నేల చూశాడు. నా ఊహ ఇంత సూటిగా తగులుతుందని నేనూ అనుకోలేదు. గోడ కోసం రాయిని అమ్మిన పెద్దమనిషి, పోతూ పోతూ నా కోసం ప్రార్థన చేస్తానన్నాడు. "వద్దయ్యా, నా కోసం చేసేటామె చేసి పోయింది. నువ్వు నీ కోసం చేసుకో" అన్నాను. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పోయాడు.

ప్రచారం మొదలైంది. పెద్దమనిషి పక్కన ఉంటే బాగుంటుందని ఐలేశ్ నన్ను బతిమాలాడు. తమాషా చూద్దామని నేనూ పోయాను. వాడి మెడలో కాషాయం తువ్వాల, చేతిలో ఫొటో కాగితాలు, వెనక డప్పు. మొదట ఎగువ వాడలో రుక్కి ఇంటికి పోయాం. రుక్కి ఊళ్లో బోనం అందరికన్నా ముందు ఎత్తే మనిషి. పసుపు పూయకుండా గడప దాటదు. అలాంటి ఇంట్లో మొదలుపెడితే ఊరంతటికీ కబురు పోతుందని మావాడి తెలివి.

"నమస్తే అవ్వా! నాకే ఓటెయ్యాలె" అన్నాడు చేతులు జోడించి, వంగి, బొట్టు బాగా కనబడేట్టు.

రుక్కి వాకిలి ఊడుస్తున్న చీపురు కింద పడేసి, రెండు చేతులూ ఎత్తి, "వందనాలు బిడ్డా, వందనాలు!" అంది. డప్పుకన్నా గట్టిగా.

ఐలేశ్ మొహం మాడిపోయింది. "నమస్తే అనాలె అవ్వా" అన్నాడు మెల్లగా.

"ఎందుకనాలె? మీ అవ్వ నాకు గట్లనే అన్నది, నేను మీ ఇంటోళ్లకు గట్లనే అంట. కాలిరిగి దవాఖానల పడ్డప్పుడు నాకు గంజి తాపింది మీ అవ్వనా, నీ నమస్తేనా?"

నవ్వు ఆపుకోలేక నేను పక్కకు తిరిగాను. రెండో ఇంట్లో వందనాలు. మూడో ఇంట్లో వందనాలు. రామాలయం పక్కింట్లో, నొసటి మీద మూడు నామాలు పెట్టుకున్న ముసలాయన కూడా అరుగు దిగి వచ్చి వందనాలు అన్నాడు. ఎవ్వరూ వాడిని వెక్కిరించడానికి అనలేదు. సత్తమ్మ ఇంటివాళ్లు కనబడితే ఆ మాట నోటికి వచ్చేస్తుంది, అంతే. మావాడు నమస్తే అంటూనే ఉన్నాడు, ఊరు వందనాలు అంటూనే ఉంది. నవ్వుతూనే ఉన్నాను గానీ, నాకెందుకో రెండు కళ్లూ మసకబారాయి. చచ్చిపోయినామె ఇంటింటికీ మాకంటే ముందే పోయి కూర్చున్నట్టుంది.

హన్మంత్ మనిషి ఎవడో అదంతా ఫోన్లో తీశాడు. పొద్దుగూకేసరికి ఊరి వాట్సాప్ గ్రూపులో అదే వీడియో. దాన్ని పట్టుకొని హన్మంత్ ఫిర్యాదు పెట్టాడు. మండలం నుంచి ఎవరో విచారణకు వస్తున్నారని తెలిసింది.

అప్పుడు చూడాలి మా వాడ అవతారం. ఐలేశ్ ఒక్కడి మీద ఫిర్యాదు పెడితే అందరి గుండెల్లో రాయి పడింది, ఇయ్యాల వాడు, రేపు మన పిల్లల సర్టిఫికెట్లు అని. తలుపుల మీది శిలువలు ఊడిపోయాయి. ఏసు పటాలు బియ్యం డబ్బాల వెనక్కి పోయాయి. డిసెంబర్ వచ్చినా ఏ ఒక్క ఇంటి మీదా స్టార్ వెలగలేదు. ఎక్కడ దొరికాయో గానీ ప్రతి గుమ్మానికీ దేవుళ్ల క్యాలెండర్లు వేలాడాయి, కొన్నింటి మీద ఏడాది కూడా పాతదే. భయపడ్డారని నేను తిట్టను. పిల్లల చదువు, నౌకరీ పోతాయంటే భయం ఎవరికైనా ఉంటుంది. కానీ సత్తమ్మ చేతి గంజి తాగినవాళ్లు ఆమె పేరు కూడా మింగేస్తుంటే నా ఒళ్లు మండింది.

విచారణ రోజు పొద్దున చెలకకు పోయాను. ఆ ఏడు గులాబీ పురుగు పట్టి పత్తి తొందరగానే పీకేశాం. పీకిన కట్టె చేను మధ్యలో ఉండాలి. లేదు. తెచ్చి గట్టున కుప్ప పోశారు, సరిగ్గా సత్తమ్మ మీద. రాయి లేదు, శిలువ లేదు, మనిషి లేదు. పొయ్యిలో పెట్టుకునే కట్టె కింద నా భార్య. నాకు ఏడుపు కాదు వచ్చింది, కారం నమిలినట్టు మంట వచ్చింది. ఒక కట్ట లాగి పడేశానో లేదో బండ్లు వచ్చి ఆగాయి.

ముందు దిగినామె జ్యోత్స్న మేడం, విచారణకు వచ్చిన ఆఫీసరు. చిన్న వయసు, నిదానం మనిషి. వెనక హన్మంత్, ఐలేశ్‌కన్నా పెద్ద బొట్టుతో. ఆ వెనక పరుగెత్తుకుంటూ మావాడు. వచ్చీ రాగానే చేతులు జోడించి, "వందనాలు మేడం!" అన్నాడు.

అని, నాలుక కరుచుకున్నాడు. అవ్వ పాలతో పాటు తాగిన మాట, భయమేస్తే అదే వస్తుంది. హన్మంత్ కిసుక్కున నవ్వాడు. మేడం నవ్వలేదు.

"ఈ కుప్ప ఏంటండీ?" అంది.

"పత్తికట్టె మేడం. పొయ్యిలకు" అన్నాడు ఐలేశ్.

"కింద?"

"కింద..." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "కింద మా అవ్వ."

"మీ అమ్మగారిది ఏ మతం?"

ఐలేశ్ నా దిక్కు చూశాడు. చిన్నప్పుడు తప్పు చేసినప్పుడు సత్తమ్మ వెనక దాక్కొని ఇలాగే చూసేవాడు. దాక్కోవడానికి ఇప్పుడు ఆమె లేదు. చూపు తిప్పుకొని, "హిందువే మేడం. మా అవ్వ చర్చి మొఖం సూసింది లేదు" అన్నాడు.

 కట్టె లాగడం మొదలుపెట్టాను. ఎండిన పత్తికాయ పెంకులు చేతులు గీసుకుపోతున్నాయి. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ ఆపలేదు. రాయి బయటపడేదాకా మేడం నిలబడే ఉంది. అక్షరాలు చదివి, "మీరు?" అంది నన్ను.

"ఈమె పెనిమిటిని. పేరు కనకయ్య. రాసుకోండ్రి మేడం. నా భార్య క్రిస్టియన్. నీళ్లల్ల మునిగి బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆ మాట దాస్తే ఆమె నన్ను క్షమిస్తదేమో, నన్ను నేను క్షమించుకోను. నేను ఏ మతం కాదు. ఇగ వీడంటరా?" ఐలేశ్‌ను చూపించాను. "వీడు క్రిస్టియన్ కాదు. ధైర్యంగ రాసుకోండ్రి. బాప్తిస్మం లేదు, ప్రార్థన లేదు. మొన్నటిదాక వీనికి ఏ దేవుడు లేకున్న అవ్వ ఉండె. ఇయ్యాల అవ్వ గూడ లేదు."

హన్మంత్ ఏదో అనబోయాడు. "నువ్వు ఆగు. పండుగ పాటలకు మీ ఇంట్ల ఆడామె గొంతు సవరించుకుంటున్నదా లేదా, ముందు గది చెప్పు మేడంకు" అన్నాను. బండి పక్కకు జరిగాడు.

మేడం పెన్ను మూసేసింది. "ఫిర్యాదు మీ అబ్బాయి మీద. మీ భార్య మీద కాదు పెద్దాయనా" అని, ఒక్క క్షణం రాయి ముందు నిలబడి వెళ్లిపోయింది.

నామినేషన్ నిలబడింది. నేను వాడి పరువు తీస్తూ చెప్పిన మాటే వాడిని కాపాడింది. ఇంతకన్నా దరిద్రం ఉంటుందా! పోలింగ్ అయింది, గెలిచాడు కూడా. డీజే పెట్టారు, గులాల్ చల్లుకున్నారు. రుక్కి మా అరుగు దగ్గరకు వచ్చి, "నీ కొడుక్కు ఎయ్యలే కనకయ్యా, నీ పెండ్లానికి ఏసిన" అని చెప్పిపోయింది. విచారణ రోజు నుంచి నేను వాడితో మాట్లాడలేదు. మంజుల పెట్టిన అన్నం తిని ఊరుకున్నాను.

ఫలితాలు రాగానే వాడకు ధైర్యం తిరిగొచ్చింది. డబ్బాల వెనక నుంచి పటాలు బయటికొచ్చాయి, స్టార్లు వెలిగాయి. క్రిస్మస్ రోజు ఆరాధన తర్వాత 'సత్తమ్మ గారి విశ్వాస జీవిత జ్ఞాపకార్థ కూడిక' అని పాస్టరయ్య ప్రకటించాడు. ఫ్లెక్సీలో సత్తమ్మ ఫొటో ఇంత, సర్పంచ్ గారి ఫొటో అంత. సత్తమ్మ కోసం కాబట్టి పోయాను. ఆమె బతికుండగా ఎంత పిలిచినా ఆ గడప తొక్కలేదు.

పాస్టరయ్య ఐలేశ్‌కు శాలువా కప్పాడు. వాడి నొసలు ఆ రోజు అద్దంలా శుభ్రంగా ఉంది. మైకు పట్టుకొని, "మా అవ్వ కన్నీటి ప్రార్థనలే నన్ను సర్పంచ్ చేసినయ్. మా అవ్వ విశ్వాసమే నాకు ఆస్తి" అని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, నీళ్లు కారాయి. జనం 'ఆమెన్' అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది ఎవరో చూద్దునా, మూడో వరుసలో హన్మంత్.

"ఇప్పుడు సత్తమ్మ గారి భర్త రెండు మాటలు చెబుతారు" అన్నాడు పాస్టరయ్య.

ఎక్కాను. మైకు చేతికొచ్చింది. ఎదురుగా ఊరు ఊరంతా ఉంది.

"సత్తమ్మ గురించి నేను చెప్పలేను" అన్నాను. "చెప్తే ఏడుపొస్తది. నేనేడిస్తే మీరు ఆమెన్ అంటరు. మీ ఆమెన్ నాకొద్దు. ఆమె నమ్మిన దేవుడు ఉన్నడో లేడో నాకు తెల్వదు. ఆమె మాత్రం ఉండె. చచ్చేదాక ఎవరి ముందట గూడ 'కాదు' అనకుంట ఉండె."  పక్కకు తిరిగాను. "ఐలేశూ, ఇటు రా బిడ్డా."

వచ్చాడు. ఇన్ని రోజుల తర్వాత పిలిచానని మొహం వెలిగింది.

"ఆనాడు చెలకల, మీ అవ్వ రాయి కాడ, మేడం మీ అవ్వ గురించి అడిగింది గదా. నువ్వేం చెప్పినవో గా మాట గీ మైకుల చెప్పు. మీ అవ్వ ఫొటో దిక్కు చూసి చెప్పు."

మైకు వాడి చేతిలో పెట్టి దిగాను.  పాస్టరయ్య పాట ఎత్తుకోమని కళావతికి చెయ్యి ఊపాడు. ఆమె తల వంచుకొని కూర్చుంది, నోరు తెరవలేదు. మళ్లీ ఊపాడు. తెరవలేదు.

ఐలేశ్ మైకు పట్టుకొని నిలబడ్డాడు. వాడి ఊపిరి పెద్ద స్పీకర్లలో ఊరంతటికీ వినబడుతోంది. నేను మంజుల పక్కన చాప మీద కూర్చొని, కాళ్లు చాపుకొని, "చెప్పు బిడ్డా, ఇంటున్న" అన్నాను.